కావలివాడి జాబితా

డేటాబేసు వాకిట నిలిచే పీజీబౌన్సరులో ‘ట్రస్ట్’ అని వ్రాసి, పాస్‌వర్డ్ అడగకుండా లోనికి వదలడం నాకు సమ్మతం కాదు, స్క్రామ్ ఉండవలసిందే. అయినా ఆ కావలివాడు తన యూజర్‌లిస్టుతోనే వచ్చినవారిని పోల్చుకోగలడు, ప్రతిసారీ లోపలికి కబురంపనక్కరలేదు.

అరకు కొండల్లో రేషను ఇచ్చే జీసీసీ డిపోలకు ఆ వెసులుబాటు సులువుగా దక్కలేదు. 1956లో గిరిజనులకోసమే పుట్టిన సంస్థ అది. 2015లో రాష్ట్రంలో ఈపోస్ యంత్రాలు వచ్చాక, వేలిముద్ర ఎక్కడో ఉన్న సర్వరుతో సరిపోలాకే బియ్యం అన్నారు. సిగ్నలు అందని ఊళ్ళవాళ్ళు దానికోసం గుట్టలెక్కారు. పోడు పనిలో అరిగిన వేళ్ళ సంగతి సరేసరి!

తనిఖీ వద్దనడంలేదు. డిపోలోనే జాబితా ఉంచి, సంతకమో నిశానీయో తీసుకుని బియ్యమిచ్చి, సిగ్నలు దొరికినప్పుడు లెక్క పంపితే చాలదా? దొంగలెక్కలు కొన్ని పడవచ్చు, ఒప్పుకుంటాను. వాటిని తరువాత పట్టుకోవచ్చు.