హాజరు లెక్కే పర్యవేక్షణా?

నైపుణ్య శిక్షణలో ఏదో ఒక అక్రమం బయటపడ్డ ప్రతిసారీ మనవాళ్లు రాసే మందు ఒకటే: నిఘా పెంచండి. వేలిముద్ర హాజరు పెట్టండి, తరగతి గదిలో కెమెరా బిగించండి, ఫొటో ఎక్కడ తీశారో తెలిసేలా చేయండి, అంతా రాజధానిలో ఒక తెరమీద కనపడాలి. దీని వెనకే మరో నమ్మకం నడుస్తుంటుంది. సర్పంచులను, ఎంపీటీసీలను, వార్డు కౌన్సిలర్లను ఈ వ్యవహారం దరిదాపులకు రానివ్వకూడదని, వస్తే తమవాళ్ల పేర్లు రాయించి పథకాన్ని పాడుచేస్తారని. అధికారుల సమీక్షల్లోనూ సంపాదకీయాల్లోనూ ఈ రెండూ జంటగా, చర్చ అక్కర్లేని సత్యాల్లా చలామణీ అవుతున్నాయి. రెండూ తప్పే. మనం శిక్షణను చూడకూడని సమయంలో చూస్తున్నాం, చూడలేని దూరం నుంచి చూస్తున్నాం. కోర్సు ముగిసిన ఆరు నెలలకు ఆ అమ్మాయి, ఆ అబ్బాయి ఎక్కడున్నారు, ఏం సంపాదిస్తున్నారు, తిరిగొస్తే ఎందుకొచ్చారు అన్నదే అసలు పర్యవేక్షణ. ఆ సంగతి తెలుసుకోగలిగినంత దగ్గరలో ఉన్న ప్రభుత్వం పంచాయతీ, మండల పరిషత్తు, మున్సిపాలిటీలే.

నిఘా చాలకనే మోసాలు జరిగాయన్న వాదనను ముందు చూద్దాం. 2015 జూలై 15న మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. 2015 నుంచి 2022 దాకా నడిచిన విడతలను అది తరచి చూసింది. దాదాపు 95.9 లక్షల మంది అభ్యర్థుల వివరాల్లో 94 శాతానికి పైగా పేర్ల ఎదుట బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నాలతోనో, వర్తించదనో ఉందని తేల్చింది. మిగిలిన కొద్దిమందిలోనూ ఒకే ఖాతా నంబరు పలువురి పేర్ల కింద కనిపించింది. ఒకే ఫొటోను వేర్వేరు లబ్ధిదారులకు వాడిన ఉదంతాలూ దొరికాయి. ఈ పథకానికి లోపించింది కేంద్రీకృత నిఘా అని ఎలా అనగలం? దేశమంతటికీ ఒకే పోర్టల్ ఉంది, ఆధార్ ఆధారిత హాజరు నిబంధన ఉంది, తనిఖీ నిబంధనలు ఉన్నాయి. ఇప్పుడు కావాలంటున్న సరంజామాలో చాలాభాగం అప్పుడే ఉంది. అయినా ఖాతా నంబరు గడిలో సున్నాలు పెడితే ఆ వ్యవస్థ నోరెత్తలేదు. గడి నిండిందా లేదా అన్నదే తెరకు తెలుస్తుంది; ఆ గడి వెనక మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆ మనిషిని ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. అదే నివేదిక ప్రకారం స్వల్పకాలిక శిక్షణలో ధ్రువపత్రం పొందినవారిలో ఉద్యోగం దొరికింది 41 శాతానికి. ఈ అంకె చూసి ఉద్యోగాల సంగతి మరింత గట్టిగా ఆరా తీస్తారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. నాలుగో విడతకు వచ్చేసరికి ఉద్యోగ కల్పన లెక్కనే పథకం నుంచి విడదీశారు. యువత తమకు నచ్చిన దారి ఎంచుకునేలా తీర్చిదిద్దడమే లక్ష్యమన్నారు. కొలవడం కష్టమైనదాన్ని కొలతలోంచే తీసేస్తే తెర మాత్రం చక్కగా పచ్చగా వెలుగుతుంది.

దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఇంతకంటే మెరుగ్గా ఆలోచించిన పథకం. దాని మూలాల్లో ఒకటి మన దగ్గరే ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ నిరుద్యోగ యువత కోసం పుట్టిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ అనుభవం కేంద్రానికి దారి చూపింది. 2014 సెప్టెంబరు 25న కొత్త పేరుతో వచ్చిన ఈ పథకం శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపించాలని షరతు పెట్టింది. శిక్షణ సంస్థకు వచ్చే సొమ్ములో కొంత ఆ షరతుతో ముడిపెట్టింది. బాగానే ఉంది. అయితే ఉద్యోగం వచ్చినట్టు లెక్కించడానికి ప్రాథమికంగా చూసేది మూడు నెలల కొనసాగింపునే, రుజువు నియామక పత్రం, జీతం స్లిప్పులు. ఏడాది నిలబెడితే ప్రోత్సాహకం ఉన్నా, సంస్థ ప్రాణం అంతా ఆ మూడు నెలల గీత దగ్గరే ఉంటుంది. శ్రీసిటీకో శ్రీపెరుంబుదూరుకో బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీకో వెళ్లిన పల్లె పిల్లలకు అసలు లెక్కలు తేలేదీ ఆ నెలల్లోనే. గది అద్దె, తిండి, పండక్కి ఊరొచ్చి పోయే బస్సు చార్జీ పోను ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. రాత్రి షిఫ్టు చేయాలని, ఓవర్‌టైం లేకపోతే చెప్పిన జీతం చేతికి రాదని అప్పుడు తెలుస్తుంది. ఇంటికి తిరిగి రావాలన్న నిర్ణయం పుట్టేదీ, పథకం దృష్టిలో ఆ మనిషి విజయంగా నమోదయ్యేదీ ఇంచుమించు ఒకే సమయంలో. తనిఖీకి వచ్చిన అధికారి మాత్రం కేంద్రంలో బెంచీలు సరిపోయాయా, కెమెరా పనిచేస్తోందా, హాస్టల్లో మంచాలెన్ని అని చూసి పోతాడు. అవి చూడొద్దని కాదు. అవి మాత్రమే చూసి శిక్షణను పర్యవేక్షించామనుకోవడమే అభ్యంతరం.

పక్కకు వెళ్లి ఒక మాట. 2023లో ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసు రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసింది. డబ్బు సంగతి తేల్చాల్సింది న్యాయస్థానాలు, దాని జోలికి నేను పోను. కానీ నెలల తరబడి టీవీ చర్చల్లో ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకెను అటూ ఇటూ విసురుకున్నారే తప్ప, అలా నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారన్న ప్రశ్న ఏ పక్షానికీ పనికిరాలేదు. పర్యవేక్షణ అంటే ఖర్చుల ఆడిట్ అని మన రాజకీయం ఎంత గట్టిగా నమ్ముతోందో చెప్పడానికి ఇది చాలు.

శిక్షణ తర్వాతి సంగతిని పట్టించుకుంటే ఫలితం మారుతుందా? బిహార్, జార్ఖండ్‌లలో ఇదే గ్రామీణ కౌశల్య యోజన శిక్షణార్థులతో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొన్ని బృందాలకు మాత్రం రాబోయే ఉద్యోగాల గురించి, అక్కడి జీతం గురించి, అవకాశాల గురించి ఉన్నదున్నట్టు చెప్పారు. అలా విన్నవాళ్లు తమకు వచ్చిన ఉద్యోగాల్లో మిగతావారికన్నా ఎక్కువగా నిలిచారు. అతిగా ఆశలు పెట్టుకున్నవాళ్లలో కొందరు ముందే తప్పుకోవడం, సరిపడేవాళ్లు మిగలడం దీనికి ఒక ముఖ్య కారణం. ఇక్కడ కొత్త యంత్రం లేదు, కొత్త పాఠ్యాంశం లేదు, ఉన్నది నిజం చెప్పడం ఒక్కటే. మరి మన ఊళ్లలో ఆ నిజం ఎవరు చెప్పాలి? శిక్షణ సంస్థ పంపే మొబిలైజర్ పని బ్యాచ్ నింపడం. తలకు ఇంతని లెక్కగట్టే మనిషి నుంచి ఆ ఉద్యోగం నీకు సరిపోదన్న మాట ఆశించడం అమాయకత్వం. అదే ఊరి నుంచి నిరుడు వెళ్లినవాళ్లలో ఎవరు నిలిచారు, ఎవరు వచ్చేశారు, ఎందుకు అన్న పట్టిక పంచాయతీ దగ్గర ఉండి, గ్రామసభలో చదివితే అంతకంటే మంచి కౌన్సెలింగ్ ఉండదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన బాధ్యత కాదు. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో పద్దెనిమిదోది సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య. 1994 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలు ఇచ్చింది. విద్యకూ గ్రామీణాభివృద్ధికీ వాటిలో చోటుంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పనిలోకి వచ్చేసరికి గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణగా 1979లో వచ్చిన ట్రైసెమ్ మొదలు నేటి పథకాల దాకా దారి ఒక్కటే: లక్ష్యం పైన ఖాయమై జిల్లాకు వస్తుంది, జిల్లా దాన్ని మండలాలకు పంచుతుంది, మండలం తలలు వెతుకుతుంది. ఇరవై ఏళ్లు నడిచి 1999లో మరో పథకంలో కలిసిపోయిన ట్రైసెమ్ మీద వచ్చిన ప్రధాన విమర్శ, నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఆ పనిలో కుదురుకోలేదన్నదే. ఇటీవల కేంద్రం తెచ్చిన సంకల్ప్ నైపుణ్య కార్యక్రమం కింద జిల్లా నైపుణ్య కమిటీలు వచ్చాయి, అధ్యక్షత కలెక్టరుది. రెవెన్యూ, ధాన్యం కొనుగోళ్లు, ఎన్నికలు, వరదలు అన్నీ చూసే కలెక్టరు చేతికి మరో కమిటీ ఇచ్చి వికేంద్రీకరణ జరిగిందనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, అన్నిటికంటే బలమైనది, రాజకీయం. స్థానిక నాయకులు పేర్లు రాయించుకుంటారన్న భయం ఊహ కాదు, ఇళ్ల స్థలాల దగ్గర్నుంచి రుణాల దాకా జనం చూసిందే. అందుకే ఎంపిక వాళ్లకు ఇవ్వమని నేను అనడం లేదు. ఎవరిని తీసుకోవాలి, ఎలా నేర్పాలి, నేర్చుకున్నాక ఏమైంది అన్నవి మూడు వేర్వేరు పనులు. మూడో పనిని మాత్రం, అదీ నలుగురి ముందు, స్థానిక సంస్థకు అప్పగించాలి. దీనికి నమూనా బయట వెతకనక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006లో దేశంలో అందరికంటే ముందు పెద్దఎత్తున మొదలుపెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో దానికి ప్రత్యేక సంస్థను కూడా ఏర్పాటు చేసింది. మస్టర్లలోని పేర్లను ఊళ్లోనే చదివి, చనిపోయినవాళ్ల పేరున కూలి తీసిన వైనాలు ఊరివాళ్ల నోటే చెప్పించింది. అక్కడ పట్టుబడ్డవాళ్లలో స్థానిక నాయకులూ ఉన్నారు. అంటే, స్థానిక నాయకుడి తప్పును బయటపెట్టడానికి స్థానిక సభ కంటే మంచి చోటు దొరకలేదన్నమాట. మట్టి పనికి పనికొచ్చిన పద్ధతి మగ్గం పనికో, ఎలక్ట్రీషియన్ కోర్సుకో పనికిరాదని ఎలా అంటాం? నాయకులను నమ్మలేం కాబట్టి స్థానిక సంస్థలకు పని వద్దనేవారు ఒకటి గమనించాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే ఉన్నాయి. నాయకులు లేకపోవడమే మందు అయితే ఆ కాలంలో శిక్షణలన్నీ బాగుపడి ఉండాలి.

వార్డు సభ్యుడికి సీఎన్‌సీ మెషీన్ గురించి ఏం తెలుసు అన్నది రెండో అభ్యంతరం. తెలియనక్కర్లేదు. పని నాణ్యతను తూచడానికి ఐటీఐలున్నాయి, పాలిటెక్నిక్‌లున్నాయి, ధ్రువపత్రాలను నియంత్రించే జాతీయ మండలి ఉంది. పనిలో ఉన్నావా, చెప్పిన జీతం వస్తోందా, వచ్చేస్తే ఎందుకొచ్చావు అని అడగడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. పిల్లలు అయిదువందల కిలోమీటర్ల దూరంలో ఉంటే పంచాయతీకి ఎలా తెలుస్తుందని కూడా అంటారు. పంచాయతీకి కాకపోవచ్చు, తల్లికి తెలుస్తుంది. ఆ తల్లి డ్వాక్రా సంఘంలో ఉంటుంది, ఆ సంఘం గ్రామ సమాఖ్యలో ఉంటుంది. ఇంత అల్లిక ఉన్న రాష్ట్రాలు ఆచూకీ కోసం కాల్‌సెంటర్ల మీద ఆధారపడటమే విచిత్రం.

ఆరు నెలల తర్వాత చూడటం దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు కాదా అని ఎవరైనా ఎగతాళి చేయవచ్చు. డబ్బంతా ముందే ఇచ్చేస్తే అంతే. చివరి వాయిదా అప్పటిదాకా చేతిలో ఉంచుకుంటే కాదు. పైగా శిక్షణ తర్వాత వెంట నడవడమన్నది అసాధ్యమేమీ కాదని చూపించిన సంస్థలున్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి పెట్టిన రూడ్‌సెట్ సంస్థ శిక్షణను కొద్దివారాల్లో ముగించి, ఆ తర్వాత రెండేళ్లు అభ్యర్థి వెంట ఉండటాన్ని నియమంగా పెట్టుకుంది. దేశమంతటా జిల్లాకొకటి చొప్పున వచ్చిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు అదే మాదిరి అయింది. నేర్పే కాలం తక్కువ, కనిపెట్టుకుని ఉండే కాలం ఎక్కువ; మిగతా పథకాలు దీన్ని తిరగేశాయి. కేరళ 2022లో స్థానిక సంస్థల ఆధ్వర్యంలో తొళిల్ సభలు మొదలుపెట్టి, పని వెతుక్కునేవాళ్లను వార్డు స్థాయిలో ఒకచోట కూర్చోబెట్టింది. అన్నీ అక్కడ సాఫీగా ఉన్నాయని కాదు, నిరుద్యోగం స్థానిక ప్రభుత్వం ఎజెండాలో ఉండదగిన విషయమేనని ఒక రాష్ట్రం ఒప్పుకుంది.

సిబ్బంది ఎక్కడున్నారన్న ప్రశ్న తెలంగాణ పంచాయతీ కార్యదర్శి విషయంలో న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2019 అక్టోబరు 2 నుంచి 15 వేల పైచిలుకు గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. సర్వేల మీద సర్వేలతో వాటి సిబ్బంది విసిగిపోయారన్నదీ నిజమే. అయితే ఒక ఊరి నుంచి శిక్షణకు వెళ్లేవాళ్లు ఊరి జనాభాలో బహుకొద్దిమంది, వాళ్ల సంగతి అడగడానికి ఇంటింటి సర్వే అక్కర్లేదు.

ఇక శిక్షణ సంస్థల గోడు. సర్పంచు సంతకం కోసం మా బిల్లులు ఆగితే, సంతకానికో రేటు పుడుతుంది కదా అంటారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కాబట్టి సంతకమే వద్దు. కోర్సు ముగిసిన ఆరో నెలలో సంస్థ చెప్పిన ఉద్యోగుల జాబితాను పేరు, కంపెనీ, జీతంతో సహా గ్రామసభలో చదవాలి, సచివాలయం గోడకు అంటించాలి. నెల రోజుల్లో అభ్యర్థిగానీ ఇంటివాళ్లుగానీ కాదనకపోతే ఆ పేరు ఒప్పుకున్నట్టే, డబ్బు దానంతటదే విడుదల కావాలి. ఎవరైనా కాదంటే ఆ ఒక్క పేరు మండల పరిషత్తు విచారణకు వెళ్తుంది, తేలేదాకా ఆ ఒక్క పేరు తాలూకు సొమ్మే ఆగుతుంది. మిగతా బిల్లును ఆపే అధికారం సర్పంచుకు గానీ ఎంపీడీవోకు గానీ ఉండదు.