కుక్కకు 'వేడి చేసింది' అని ఊరుకోవద్దు

విద్యార్థులారా! మీ ఇంట్లో కుక్క వుంటే ఒక ప్రశ్న. నిన్న అది ఎన్నిసార్లు మూత్రం పోసింది? ధారగా పోసిందా, చుక్కలుగా పోసిందా? చెప్పలేకపోతే సిగ్గుపడనక్కరలేదు. ముప్ఫై ఏళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను కూడా ఒకప్పుడు చెప్పలేకపోయాను.

మా కుక్క రాజు గోడ దగ్గర మాటిమాటికి కాలెత్తేది. ఒకటి రెండు చుక్కలు పడేవి. "వేడి చేసింది, మజ్జిగ పొయ్యండి" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. పోశాను. మర్నాటికి చుక్క కూడా రాలేదు. వాంతులు చేసుకుంది. ఆ మరుసటి రోజు పశువైద్యశాలకు తీసుకుపోయాను. అప్పటికే ఆలస్యమైంది. రాజు దక్కలేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి, వ్యర్థాలను మూత్రంగా మూత్రాశయానికి పంపుతాయి. అక్కడి నుండి ప్రసేకం అనే సన్నని గొట్టం గుండా మూత్రం బయటికి వస్తుంది. మగకుక్కలో ఈ గొట్టం ఒక చిన్న ఎముక గాడిలో నుండి పోతుంది. ఎముక సాగదు గదా! లవణాలు గట్టిపడి ఏర్పడిన రాయి సాధారణంగా అక్కడే ఇరుక్కుంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే వ్యర్థాలు రక్తంలోనే నిలిచిపోతాయి. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. తూము పూడిన చెరువుకు ఇంకా నీళ్ళు మళ్ళించినట్లుంది నేను పోసిన మజ్జిగ!

అందుకే నా అభిప్రాయం ఇది: 'వేడి' అన్నది రోగం పేరు కాదు, కారణం వెతకకుండా మనల్ని ఆపే మాట. మూత్రంలో రక్తం కనిపించినా, మాటిమాటికి కొద్దికొద్దిగా పోస్తున్నా, అలవాటు తప్పి ఇల్లు తడుపుతున్నా ఒక రోజులోగా పశువైద్యునికి చూపించాలి. ఆడకుక్కల్లో సూక్ష్మజీవుల వల్ల ఈ బాధలు తరచుగా వస్తాయి. ఇల్లు తడిపిందని కొట్టడం అన్యాయం. ఎంత ముక్కినా చుక్క రాకపోతే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగరాదు.

పొట్ట నొక్కవద్దు. మనుషుల మాత్రలు వెయ్యవద్దు. ఐబుప్రొఫెన్ వంటివి కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ మనకూ సోకవచ్చు. కాబట్టి శుభ్రం చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

మాట రాని జీవి తన బాధను మనకు చూపించగలదే గాని చెప్పలేదు. రేపు ఉదయం మీ కుక్కను బయటికి తీసుకువెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. నేను చూడలేదు.