లేత నారుకు నీడ, పిమ్మటనే ఎండ

వానకాలము వచ్చినదనగానే మన వీధులలో మొక్కల పంపిణీ మొదలగును. 1950లో వనమహోత్సవము ఆరంభమైన నాటినుండి ఇది మన దేశమున ఆచారమైనది. తులసి, నేలవేము, సరస్వతి ఆకు వంటి ఓషధులను కూడ ఇంటింటికి పంచువారున్నారు. సంతోషమే. కాని పదిహేను దినములు గడచిన పిమ్మట ఆ ఇండ్లకు వెళ్ళి చూచినచో, అనేకచోట్ల కుండీలలో ఎండుపుల్లలే కనబడును. "మా హస్తవాసి మంచిది కాదండీ, ఏ మొక్కా బ్రతకదు" అని గృహిణులు నాతో చెప్పుచుందురు. నా అభిప్రాయమున అసలు లోపము తొందరలో ఉన్నది. నీడలో పెరిగిన లేత మొక్కను ఒక్కమారుగా ఎండలో నిలుపుటయే అనేక పర్యాయములు దాని నాశనమునకు హేతువు.

నీడలో పెరిగిన ఆకు పలుచగా ఉండును. తేమను కాపాడు పైపొర దానికి ఇంకను గట్టిపడి యుండదు. వేళ్ళును తక్కువే. అట్టి మొక్కను తీవ్రమైన ఎండలో, గాలిలో ఉంచినచో వేరు పీల్చు నీటికంటె ఆకునుండి పోవు నీరు అధికమగును. ఆకు వాడి, తెల్లబారి, మాడిపోవును. అటుపిమ్మట ఎంత నీరు పోసినను మాడిన ఆకు కోలుకొనదు. అదే మొక్కకు వారము పది దినములు వ్యవధి ఇచ్చినచో ఆకు మందమగును, కాండము గట్టిపడును.

ఆయుర్వేదము చదివినవారికి ఈ భావము క్రొత్తది కాదు. అలవాటైన అహితమును విడుచుటకును, హితమును అలవరచుకొనుటకును చరక సంహిత సూత్రస్థానము 7వ అధ్యాయమున పాదాంశిక క్రమము చెప్పబడినది. ఏ మార్పునైనను భాగము భాగముగా చేయవలెనని దాని తాత్పర్యము. మనుష్యునికి చెప్పిన ఈ సూత్రము మొక్కకును వర్తించునని నా విశ్వాసము. వృక్షములకును వాత పిత్త కఫ వికారములు కలవని సురపాలుని వృక్షాయుర్వేదము చెప్పుచున్నది గదా!

గురుకులములో తొలి సంవత్సరము మాకు మందు నూరుటకంటె నారుమడికి నీరు చల్లుటయే ఎక్కువ పని. మొలకనాటినుండి చూచిన ఓషధిని వైద్యుడు పొరబడడని మా గురువుగారు అనెడివారు. ఆ మాటకు నేడు విలువ మరింత పెరిగినది. అంగళ్ళలో చిరాయత పేర నేలవేమును అమ్ముట వైద్యులెరిగిన విషయమే. రెండును చేదే, కాని అవి వేరు వేరు ఓషధులు. పైగా కొన్న మొక్కపై ఏ పురుగుమందు చల్లినారో మనకు తెలియదు. కడుపులోనికి పుచ్చుకొను ఆకు విషయమున ఇది చిన్న సంగతి కాదు. కావున నమ్మకమైన చోట విత్తనము తెచ్చుకొని, నారు ఇంటనే పోసికొనుడని నా సలహా.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. బయట అట్టి ఎండ కాయుచుండగనే, మే చివరి వారమున, వసారాలోనో తూర్పు కిటికీ చెంతనో నారు పోయవచ్చును. అడుగున రంధ్రమున్న వెడల్పైన మట్టిపాత్రలో మెత్తని మట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపవలెను. తులసి విత్తనము మిక్కిలి సన్నము. పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పిన చాలును. నేలవేము విత్తనములన్నియు ఒక్కసారి మొలవవు, ఓపిక పట్టవలెను. చెంబుతో గుమ్మరింపక చేతితో నీరు చిలకరించవలెను. తేమ మించినను, మొలకలు ఒత్తుగా ఉన్నను నారుకుళ్ళు సోకి, మొదలు మెత్తబడి నారు పడిపోవును. నీడ యనగా చీకటిగది అని భావింపరాదు. వెలుతురు చాలని మొలక పాలిపోయి, సన్నగా సాగి, బయట నిలువలేకపోవును.

జూన్ చివర, ఆర్ద్ర కార్తె నాటికి, నారు నాలుగైదు ఆకులు తొడుగును. అప్పుడు మొదటి దినము ఉదయపుటెండలో ఒక గంట ఉంచి, దినమునకొక గంట చొప్పున పెంచవలెను. తొలి వారము పడమటి ఎండ తగులరాదు. జోరువాన కురిసినపుడు లోనికి తీయవలెను. నీరు కొంచెము తగ్గించవలెనే కాని మొక్కను వాడనీయరాదు. ఎనిమిది పది దినములకు పగలంతయు ఆరుబయట నిలువగలిగిన మొక్కను, ఒక సాయంకాలము వేరుమట్టితో సహా తీసి నాటవలెను.

అశ్వగంధకు మాత్రము ఈ పద్ధతి తగదు. అందు ముఖ్యమైన ఔషధము వేరు. నారు తీసి నాటినచో తల్లివేరు దెబ్బతిని వంకరపోవును, చీలును. దానిని పెంచదలచిన చోటనే విత్తుట మేలు.

మొక్కలు పంచు పెద్దలకు ఒక మనవి. లెక్క చూపుటకై నీడపందిరి క్రిందినుండి తీసిన మొక్కను ఆ దినమే పంచవలదు. వారము ముందుగా ఎండకు అలవరచి ఇండు. లేదా విత్తనముల పొట్లమును, పెంచు విధము వ్రాసిన కాగితమును ఇండు. ఆ కాగితముపై, గర్భిణులు నేలవేము వాడరాదనియు, జ్వరము తగ్గకున్న వైద్యుని చూడవలెననియు తప్పక వ్రాయుడు.

"నారు పోసినవాడు నీరు పోయడా" అని మనము దైవముపై భారము వేయుదుము. ఇంటి కుండీలో నారు పోసినది మనమే. దానికి నీరు, నీడ, ఎండ తగు పాళ్ళలో అందించు బాధ్యతయు మనదే.