కుట్టు లేని వీరవేషము

పాఠశాల వార్షికోత్సవము సమీపించినంతనే బాలుర మాటలన్నియు నాటకముల చుట్టు తిరుగుచుండును. వీరపాత్ర యెవరిదన్న ప్రశ్న మొదట పుట్టును. వేషమునకు సొమ్మెవరు తెత్తురన్న ప్రశ్న దానిని వెన్నంటి వచ్చును. అద్దెకు దెచ్చు మఖమలు చొక్కా, తళుకుల కిరీటము, తగరపు కత్తి, వీనికి వలయు పైకము ఇంట నడుగలేని బాలుడు ఎంత చక్కగా నటింపగలవాడైనను తెరవెనుకనే నిలిచిపోవును. ఇది న్యాయము కాదు. వీరపాత్ర గొంతును బట్టియు, అభినయమును బట్టియు లభింపవలెను గాని తండ్రి సంపాదనను బట్టి లభింపరాదు. నిజమునకు వీరవేషమునకు సూదియు దారమును అక్కఱలేదు, అద్దెయు నక్కఱలేదు.

తెలుగుమాటయే యీ సంగతిని చెప్పుచున్నది. తెలుగువారు చీర కట్టుదురు, పంచె కట్టుదురు, గజ్జె కట్టుదురు. వేషమును గూడ కట్టుదురు. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో స్త్రీలు వాలుగచేప దవడతో ప్రత్తిని శుభ్రపఱచి సన్నని నూలు వడకుదురు. ఆ నూలుతో నేసిన పంచె సూది తాకకయే మనిషి నడుమునకు చేరును. తప్పెటగుళ్ల కళాకారుడు రేకు తప్పెటను మెడనుండి రొమ్మున వ్రేలగట్టుకొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని ఆటకు సిద్ధమగును.

ఈ ప్రాంతమున వీరవేషమనగానే తాండ్ర పాపారాయుడు జ్ఞప్తికి వచ్చును. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు విజయరామరాజును బొబ్బిలి కోటపై బడిరి. కోట కూలెను. రాజాములో నున్న పాపారాయుడు ఆ వార్త విని, రాత్రివేళ శత్రుశిబిరమున జొచ్చి విజయరామరాజును సంహరించెను. ఈ కథను రంగస్థలముపై జూచువారి కన్నులు పాపారాయుని ముఖముపై నుండును. తలపాగ బిగించి, నడుమున ఉత్తరీయము చుట్టి, కుఱ్ఱవాడు నిటారుగా నిలిచినచో చొక్కాకు జరీ లేదని యెవరును అడుగరు.

ఈ విషయమున జపాను దేశపు వీరులు మంచి నిదర్శనము. వారిని సమురాయిలందురు. ఇనుముతోను తోలుతోను చేసిన చిన్న చిన్న పలకలకు మెఱుగు పూసి, రంధ్రములు చేసి, త్రాళ్లతో వరుసలుగా కూర్చి వారు కవచములు చేసికొనెడివారు. అందుచే ఆ కవచము గట్టిదైనను ఒడలితో పాటు కదలెడిది. నిజమైన యుద్ధమునకు వెళ్లిన కవచమే ముడులపై నిలిచినది! జపానులో మే 5వ తేదీ బాలల దినోత్సవము. 1948 నుండి అది జాతీయ సెలవుదినము. ఆ పండుగకు పిల్లలు వార్తాపత్రికను మడిచి శిరస్త్రాణము చేసికొని ధరింతురు.

అట్టి వేషమును ఏ పల్లెటూరి పాఠశాలలో నైనను ఒక పూటలో సిద్ధము చేయవచ్చును. పంచెను గోచి పెట్టి వదులుగా కట్టినచో వెడల్పయిన లాగువలె కనబడును. రెండు ఉత్తరీయములను రెండు భుజములపై వేసి, అంచులను రొమ్ముపై ఒకదానిమీద నొకటి దాటించి, నడుమును వేఱొక గుడ్డతో బిగింపవలెను. ఎడమవైపు అంచు పైన నుండవలెను. కుడి అంచు పైకి వచ్చు కట్టు జపానులో మృతులకు మాత్రమే.

కవచమునకు పాత అట్టపెట్టెలు గాని, ఎండిన తాటాకులు గాని చాలును. వానిని అఱచేతి వెడల్పు ముక్కలుగా కోసి, అంచులలో రంధ్రములు చేసి, పురికొసతో వరుసలుగా కట్టవలెను. ముడులు మిక్కిలి బిగువైనచో బాలుడు వంగలేడు. మిక్కిలి వదులైనచో ముక్కలు జాఱును.

శిరస్త్రాణమునకు చతురస్రముగా కత్తిరించిన పెద్ద వార్తాపత్రిక కాగితము కావలెను. దానిని మూలనుండి మూలకు మడిచి త్రికోణము చేసి, మడత పైకుండునట్లు పట్టి, ఇరుప్రక్కల కొనలను క్రింది కొనకు దింపవలెను. ఆ రెండు కొనలను మరల పైకి మడిచి, చివరలను వెలుపలికి వంచినచో కొమ్ములేర్పడును. క్రింద మిగిలిన భాగములో ముందుపొరను పైకి మడిచి, వెనుకపొరను లోనికి దోపవలెను. కత్తిని గూడ చుట్టిన కాగితముతోనే చేయుట మేలు. వెదురుబద్ద తోడిబాలుని కంటికి హాని చేయును. ఇక అట్టకవచమును, శిరస్త్రాణమును తీసి తలపాగ చుట్టినచో, ఆ గుడ్డలతోనే సమురాయి పాపారాయుడగును.

అద్దెవేషమునకుండు తళుకు దీనికి రాదని కొందఱందురు. అది నిజమే. కాని అద్దెవేషము ఎవరి కొలతకో కుట్టినది; బాలుడు దానిలో దూరి నిలుచును. తాను కట్టిన వేషములో ఏ ముడి యెందులకో వాడెఱుగును. అదియు గాక, వీపున వేయవలసిన ముడిని ఎవడును తనంతట తాను వేసికొనలేడు. బొబ్బిలి పక్షమువాని వీపున ముడి వేయుటకు విజయనగర పక్షమువాని చేయి కావలెను; వాని వీపునకు వీని చేయి కావలెను. నాటకములో శత్రువులైనవారు తెరవెనుక ఒకరికొకరు కవచము కట్టుకొందురు. ఈ పాఠము ఏ అద్దెకొట్టులోను దొరకదు.

నాటకము ముగిసిన పిమ్మట ముడులు విప్పినచో కవచము మరల అట్టముక్కలగును. పంచె ఉతికి ఆరవేసినచో మఱునాటికి తండ్రి నడుమునకు చేరును. ఎవరికిని బాకీ యుండదు.