భయానక కథానికలో పూర్వసూచన, కొసమెరుపు

కొసమెరుపు గల కథానికలయెడ అలంకారశాస్త్రాభ్యాసము గల పండితులలో కొంత చిన్నచూపు కలదు. పాఠకుని ఒక్కమారు ఉలికిపడజేయుట తప్ప అందు కావ్యత్వమేమున్నదని వారి ఆక్షేపము. భయానక కథానికల విషయమున ఈ మాట మరింత గట్టిగా వినవచ్చుచుండును. పెక్కు కథలయెడ ఇది సత్యమే. అయినను ముగింపును మాత్రమే విడదీసి పరీక్షించుట వలననే కొసమెరుపు మొత్తముగా నిందకు పాత్రమైనది. పూర్వసూచన, కొసమెరుపు అనునవి ఒకే సంవిధానమునకు ఆద్యంతములు. కావున రెండింటిని కలిపియే విచారింపవలెను.

ఈ సంబంధమును మన నాట్యశాస్త్రము ఎరుగనిది కాదు. భరతుడు చెప్పిన పతాకాస్థానకమున, ఒక అర్థమును ఉద్దేశించి పలికిన మాట అనుకోని మరియొక అర్థమును స్ఫురింపజేసి రాబోవు కథను సూచించును. భట్టనారాయణుని వేణీసంహారము ద్వితీయాంకమందలి ఘట్టము దీనికి ప్రసిద్ధోదాహరణము. దుర్యోధనుడు భానుమతితో తన తొడలను గూర్చి ముచ్చటించుచుండగా కంచుకి తొట్రుపడుచు ప్రవేశించి విరిగినదని విన్నవించును. ఎవరిచేతనని అడుగగా భీమునిచేతనని చెప్పును. భయంకరమైన గాలికి రథధ్వజము విరిగినదని అతని తాత్పర్యము. రాజు గ్రహించినది ధ్వజభంగము. ప్రేక్షకుడు గ్రహించినది ఊరుభంగము.

అయితే ఈ పదమును ఆధునిక కథానికకు యథాతథముగా తగిలించుట తగదు. నాటక ప్రేక్షకునకు భారతకథ ముందే తెలియును. అందువలన సూచన పలికిన క్షణముననే అతడు కంపించును. కథానికా పాఠకునకు ముగింపు తెలియదు. ప్రథమ పఠనమున అతడు దుర్యోధనుని స్థానమున నుండును. ద్వితీయ పఠనమున ప్రేక్షకుని స్థానమునకు వచ్చును. ఒకే పాఠకుడు ఈ రెండు స్థానములను అనుభవించుటయే కొసమెరుపు కథలోని విశేషము. సూచనలు లేని కథకు రెండవ పఠనమున దక్కునది శూన్యము.

డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రకటించిన 'ది మంకీస్ పా' ఇందుకు నిదర్శనము. కథారంభమున తండ్రీకొడుకులు చదరంగమాడుచుందురు. తండ్రి ప్రమాదకరమైన ఎత్తు వేసి, తప్పు తెలిసిన పిమ్మట కొడుకు కంటబడకుండ మాటలతో మరల్పజూచును. అది వట్టి గృహవినోదముగా తోచును. ఆపై మూడు కోరికలు తీర్చు కోతిపంజా ఇంటికి వచ్చును. తండ్రి 200 పౌండ్లు కోరగా, ఆ సొమ్ము తాను చూడబోనని కొడుకు పరిహాసమాడును. మరునాడు అతడు కార్మాగారమున యంత్రములో చిక్కి మరణించును. యజమానులు ఇచ్చిన పరిహారము సరిగా 200 పౌండ్లు. పరిహాసము అక్షరాల నిజమైనది. చదరంగపు టెత్తు అప్పుడు వేరుగా కనబడును.

షర్లీ జాక్సన్ రచించి 1948 జూన్‌లో 'ది న్యూయార్కర్' పత్రికలో వెలువడిన 'ది లాటరీ'లో సూచన మరింత బహిరంగము. తొలి పుటలోనే బాలురు రాళ్లు ఏరి జేబులు నింపుకొందురు, కుప్ప పోయుదురు. పాఠకుడు దానిని బాలక్రీడగా తలచి దాటిపోవును. కడపట ఆ రాళ్లే ఊరివారి చేతులలో ఆయుధములగును. చీటీ పడిన స్త్రీ చిన్నకుమారుని చేతికి సైతము ఎవరో కొన్ని గులకరాళ్లు అందింతురు. రచయిత్రి దేనిని దాచలేదు. దాచినది పాఠకుని అలవాటు.

మరణసమయపు భ్రమను నిజముగా చూపి కడకు కలయని తేల్చుట వంచన కాదా యని ఆంబ్రోస్ బియర్స్ 1890లో వెలువరించిన 'ఆన్ అకరెన్స్ ఎట్ ఔల్ క్రీక్ బ్రిడ్జ్' కథను చూపి అడుగవచ్చును. ఉరితీయబడువాడు త్రాడు తెగి తప్పించుకొని ఇల్లు చేరినట్లు తోచి, వాక్యాంతమున శవమై వ్రేలాడును. కాని ఉరికి ముందే వాని గడియారపు చప్పుడు అతనికి క్రమముగా మందగించి, సమ్మెటపోటువలె వినబడును. కాలము సాగిపోవుచున్నదనుటకు ఇది సూచన. దారిలో మెడనొప్పి, వాచిన నాలుక, ఎరుగని నక్షత్రములు కనబడును. అవి పయనపు బడలికగా తోచి, పిమ్మట ఉరిత్రాటి పీడగా అర్థమగును. సూచన న్యాయముగా నాటబడినందున ముగింపు వంచన కానేరదు.

ఇక రసవిచారము. నాటక నిర్వహణమున అద్భుతము ఉండవలెనని భరతుని శాసనము. కొసమెరుపు కలిగించు విస్మయమును దీనితో పోల్చుట సహజము. కాని భయానక కథలో విస్మయము అంగముగా మాత్రమే నిలువవలెను. అది అంగియైనచో పాఠకుడు రచయిత నేర్పును మెచ్చి భయమును మరచును. జేకబ్స్ కథాంతమున తలుపు తట్టిన దెవరో చూపబడదు. తలుపు తెరచునప్పటికి వీథి నిర్జనము. వ్యంగ్యముగా మిగిలినందువలననే అచ్చట భయము చల్లారదు.

కళాశాలలలో భయానకమును బోధించునపుడు విభావానుభావముల పట్టిక అప్పగించుటతో తృప్తిపడుట వాడుక. శూన్యగృహము, అరణ్యము, వికృతధ్వని అని వల్లించిన విద్యార్థి, పట్టపగలు ఊరినడుమ రాళ్లేరు బాలుర వలన భయమెట్లు పుట్టునో చెప్పలేడు. అతనిచేత ఒక కథను రెండుమారులు చదివించి, మొదట తాను దాటిపోయిన మాటలను గుర్తింపజేసినచో పతాకాస్థానకము పరీక్షకొరకు కంఠస్థము చేయు లక్షణముగా గాక పఠనసాధనముగా పరిణమించును. శాస్త్రమునకు గౌరవము అట్టి వినియోగమునందే కలదు.