వినబడక మిగిలిన విద్యుత్సంగీతము

యంత్రమునకు హృదయము లేదు గావున యంత్రముచే పుట్టిన సంగీతమునకును హృదయము లేదని పెద్దలు పలువురు చెప్పుదురు. మేమును ఒకప్పుడట్లే పలికితిమి. మా తరగతి విద్యార్థి యొకడు సింథసైజరుపై వాయింపబడిన రాగములను వినుడని కోరగా, అది రొదయే గాని రాగము గాదని రెండు నిమిషములైనను వినకయే త్రోసిపుచ్చితిమి. పిల్లవాడు మారు పలుకక తల వంచుకొని పోయెను. నాటి రాత్రి ఇంటికడ నెమ్మదిగా వినిన పిమ్మట తప్పు మాదేయని తెలిసికొని, మరునాడు వానితో నా మాట చెప్పితిమి.

ఆ ఆల్బము చరణ్‌జిత్ సింగు గారిది. బొంబాయి చలనచిత్రములకు వాద్యములు వాయించిన యీ కళావంతులు 1982లో పది హిందూస్థానీ రాగములను జపాను దేశపు రోలండు కంపెనీ యంత్రములపై వాయించి, డిస్కో తాళముతో జోడించిరి. అందలి మాల్‌కౌంస్ మన హిందోళమే. భూపాలి మన మోహనయే. కావున తెలుగు చెవులకవి పరాయివి కావు. అయినను ఆ రికార్డు అమ్ముడుపోక మరుగునపడెను. 1987లో షికాగో నగరమున ఆ యంత్రములలో నొకదానితోనే యాసిడ్ అను నాట్యసంగీతము వెలువడెను. 2010లో సింగు గారి రికార్డు మరల వెలువడగా, అట్టి ధ్వని అంతకు ముందే బొంబాయిలో పుట్టెనని శ్రోతలు విస్మయపడిరి. 2015లో గతించులోపల వారు ఆ గౌరవమును కన్నులార చూడగలిగిరి.

అందరికిని అట్టి భాగ్యము కలుగదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో 1969లో అమెరికా దేశస్థుడగు డేవిడ్ ట్యూడర్ గారు మూగ్ సింథసైజరును నెలకొల్పిరి. గీతా సారాభాయి మున్నగు మన దేశీయులు 1972 వరకు దానిపై చేసిన ప్రయోగములు టేపులలో నిద్రించి, 2023లో గాని ఆల్బముగా వెలువడలేదు. అర్ధశతాబ్దము వానిని విన్నవారెందరు?

మూడవది లారీ స్పీగెల్ అను అమెరికా వనిత 1980లో వెలువరించిన ‘ది ఎక్స్‌పాండింగ్ యూనివర్స్’. బెల్ ప్రయోగశాలలో కంప్యూటరు సహాయమున కూర్చబడిన యీ సంగీతము, తెల్లవారుజామున వెలుగు వ్యాపించినట్లు, మెల్లమెల్లగా విప్పారును.

ఇట్టివి వినిన శాస్త్రీయ సంగీతము చెడునని కొందరు భయపడుదురు. వయొలిను ఐరోపానుండి వచ్చినదే గదా! నేడు అది లేని కర్ణాటక కచేరీ అరుదు. వాద్యము ఎచ్చట పుట్టినను, దానిని పలికించు చేయియు, వినెడి చెవియు మనుష్యులవే. అమ్ముడుపోనిదెల్ల అల్పము గాదు; ప్రసిద్ధమైనదెల్ల ఘనము గాదు.

విద్యార్థులారా, ఒక ఆల్బమును మూడుమారులు వినుడు. మొదట రాగమును, పిదప తాళమును గమనింపుడు. మూడవమారు వినిన తరువాతనే మీ అభిప్రాయము చెప్పుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ యేదేని వినుమని తెచ్చినప్పుడు ఒక్క సాయంకాలము వాని ప్రక్కన కూర్చుండుడు. మీకది నచ్చకపోవచ్చును, కాని తాను చెప్పినది మీరు వింటిరని వాడెన్నటికిని మరువడు.