ధూళికీ ఒక త్రాసు

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో లేచే ధూళిని ఎవరూ మూటగట్టి తూచరు, లెక్కగట్టి చెబుతారు. డంపర్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి, మట్టిలో తేమ ఎంత, నీళ్లు చల్లితే ఎంత తగ్గుతుంది అన్నవే ఆధారం. రోజూ చల్లామని రాసి వేసవిలో ట్యాంకర్ ఆపేస్తే ధూళి కాగితం మీదే తగ్గుతుంది. సామెతల గ్రంథం ఖండించిన దొంగత్రాసు ఇలాంటిదే.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీల్లో అనుమతి షరతుల అమలుపై యాజమాన్యం నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. అధికారులకు దరఖాస్తు చేస్తే ఎవరికైనా ఇవ్వాలి.

ప్రియులారా, కొత్తగూడెం, రామగుండం సంఘాల్లో సింగరేణి జీతంతోనే కానుకలిచ్చే కుటుంబాలున్నాయి. జంకు సహజమే. అయినా యువజనులు ఒక నివేదిక తెప్పించి, ధూళి కొలిచే యంత్రాన్ని గని గాలి వీచే వైపు పెట్టారో, దానికి ఎదురు దిక్కున పెట్టారో ముందు చూడాలి.